నా మెడలోంచి తీసిన తప్పెట

నా గొర్రెను అమ్మి చేయించిన తప్పెటను మా అయ్య నా మెడలోంచి తీసి, ఊరంతా చూస్తుండగా ఇంకొక కుర్రాడి మెడలో వేశాడు. ఎందుకు తీస్తున్నాడో నాకు చెప్పలేదు. ఆరోజూ చెప్పలేదు, ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు.

ఇది ముందే రాసేస్తున్నాను. ఎందుకంటే పెద్దవాళ్ళ కరుకుదనం గురించి ఈమధ్య అందరూ తీయతీయగా మాట్లాడుతున్నారు. మా నాన్న బెల్టు తీసేవాడు, అందుకే ఇంతవాణ్ణయ్యాను అంటాడు ఒకాయన. మా అమ్మ వాత పెట్టింది, ఆ వాతే నన్ను మనిషిని చేసింది అంటాడు ఇంకొకాయన. పింఛను తీసుకుని పార్కు బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి దెబ్బలు కూడా తియ్యగానే గుర్తొస్తాయి. నేనూ దెబ్బలు తిన్నవాణ్ణే. కాని దెబ్బల సంగతి వేరు, అన్యాయం సంగతి వేరు. రెంటినీ ఒకే గంపలో పోసి అమ్మితే నేను కొనను.

మొన్న శ్రీకాకుళంలో మా మనవరాలు చదివే బడిలో వార్షికోత్సవం జరిగింది. తాతా, నేను తప్పెటగుళ్ళు ఆడుతున్నాను, నువ్వు రావాలి అంది ఆ పిల్ల. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మా అబ్బాయి నా మొహంకేసి చూశాడు. కోడలు ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాపం పిల్లకేం తెలుసు? వస్తానన్నాను.

స్టేజీ మీదకి ఆడపిల్లలు వరసగా వచ్చారు. ఎర్ర నిక్కర్లు, మెరుపుల బనీన్లు, కాళ్ళకి గజ్జెలు, గుండెల మీద గుండ్రటి తప్పెటలు. మా కాలంలో ఆడపిల్ల తప్పెటను ముట్టుకుంటే గంగమ్మకి కోపం అనేవారు. గంగమ్మకి ఆ కోపం ఎప్పుడు పోయిందో గాని నాకు సంతోషమే అయింది. అయితే ఆ తప్పెటలు ప్లాస్టిక్‌వి. చేత్తో కొడితే డబ్బా మూత చప్పుడు. అసలు మోత స్పీకర్లలోంచి వస్తోంది. నేను గట్టిగా గాలి పీల్చాను. కొత్త రేకు వాసన ఎక్కడా లేదు. కిరసనాయిలుతో తుడిచిన కొత్త రేకుకి, కుర్రాడి చెమట తగిలినప్పుడు ఒక వాసన వస్తుంది. అది పీల్చినవాడు మరిచిపోడు.

పాట మొదలైంది. చెప్పులోనే నా బొటనవేలు ఆడింది. మా మనవరాలు నాలుగో అడుగు దగ్గర తడబడి కిందికి చూసుకుంది. అంతే, నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"కాళ్ళేపు సూడకు."

పక్క కుర్చీ ఆయన తిరిగి చూశాడు. ఆ మాట నాది కాదు. మా అయ్యది.

మా అయ్య గొర్రెల కాపరి. మా ఊరి తప్పెటగుళ్ళ జట్టుకి గురువు. పొట్టి మనిషి, మెడ లావు. ఒంటిమీద ఎప్పుడూ తడిసిన గొంగడి వాసనా, చుట్ట వాసనా కలిసి ఉండేవి. ఆయన మాట పొదుపు. గొర్రెలతో రోజల్లా మాట్లాడేవాడు గాని మనుషులతో మాట్లాడడానికి ఆయనకి మొహమాటం. నవ్వితే ఒక్క కన్నే నవ్వేది. ఆ కన్ను మావైపు ఎప్పుడూ ఉండేది కాదు.

ఏరు పక్కనే మా ఊరు. నాగావళి ఒడ్డున, పాదం చీలమండ దాకా దిగబడే తడి ఇసక ఎక్కడుందో వెతికి అక్కడ ఆడించేవాడు. ఆ ఇసకలో తేలిగ్గా ఆడినవాడికి గట్టి నేల మీద కాళ్ళు వాటంతట అవే లేస్తాయని ఆయన నమ్మకం. ఒక అడుగు కుదరకుండా రెండో అడుగు వేస్తే చేతికర్రతో చీలమండ మీద ఒకటి పడేది. కాళ్ళవైపు చూసుకుంటే ఇంకొకటి. ఆడిన వెంటనే ఏటి నీళ్ళు తాగబోతే మూడోది. ఇక తప్పెట సంగతి అడగనే అక్కర్లేదు. పాట మొత్తం నోటికి రావాలి, ఆ తరవాత కాళ్ళు రావాలి, ఆ తరవాతే చేతులు. అందాకా మేము తొడల మీద దరువు వేసుకునేవాళ్ళం. తొడలు ఎర్రగా కమిలిపోయేవి. మా అమ్మ నువ్వుల నూనె రాస్తూ, "మీ అయ్య మిమ్మల్ని ఆడిస్తన్నాడో, పచ్చడి నూరతన్నాడో నాకు తెలవడం నేదు" అనేది.

మేము అన్నానుగా. నాతోపాటు నేర్చుకునే ఇంకొక కుర్రాడున్నాడు. వరసకి నాకు బావ. వాళ్ళ నాన్న జట్టులో మా అయ్య పక్కన ఆడినవాడు, మంద కాపలాలో పాము కరిచి పోయాడు. ఆ తరవాత తల్లి మారుమనువు వెళ్ళింది. కొత్త ఇంట్లో పిల్లాడికి చోటు లేదన్నారు. మా అయ్య వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మా అమ్మతో, ఇంకో ముంత అంబలి కాయి అన్నాడట. అంతే. అప్పట్నుంచి వాడు నా చాప మీదే పడుకున్నాడు, నా కంచంలోనే చెయ్యి పెట్టాడు. మెల్లగా నడిచేవాడు, మెల్లగా మాట్లాడేవాడు. ఎవరైనా గట్టిగా పిలిస్తే ముందు మా అయ్య ఎక్కడున్నాడో చూసుకునేవాడు. ఆటలో మాత్రం ప్రతిసారీ నాలుగో అడుగు తప్పేవాడు. వాడి కాలు వెనకబడేది, దాంతో చెయ్యీ వెనకబడేది. మా అయ్య వాణ్ణి కొట్టేవాడు కాదు. మళ్ళీ ఆడు అనేవాడు. నేను తప్పితే కర్ర, వాడు తప్పితే మాట. ఈ తేడా నాకు అప్పటికే కనిపించింది. పిల్లలకి కనిపించవని పెద్దలు అనుకునేవన్నీ ముందు పిల్లలకే కనిపిస్తాయి.

ఒక వేసవి పొద్దున ఇద్దరం కలిసి ఒక పని చేశాం. పొలాల్లో ఎరువుకోసం రైతులు మా మందను తమ చేలల్లో కట్టించుకునేవారు. అలా ఒక చేలో మంద ఉన్నప్పుడు, ఈనిన మేక ఒకటి పొదుగు బరువుతో నిలబడి ఉంది. బావ కాళ్ళు పట్టుకున్నాడు, నేను కింద వెల్లకిలా పడుకుని నోట్లోకే పిండుకున్నాను. తరవాత వాడి వంతు. పాలు గోరువెచ్చగా, గడ్డి వాసనతో, నురగ ముక్కుల్లోకి పోయి ఇద్దరం తుమ్ముకుంటూ నవ్వుకున్నాం. మూతులు తుడుచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం.

మా అయ్య వచ్చి మమ్మల్ని చూడలేదు. మేకపిల్లను చూశాడు. అది తల్లి పొదుగును కుమ్మి కుమ్మి అరుస్తోంది. అప్పుడు మావైపు తిరిగాడు. నా అరచేతిలో కర్రతో ఒకటి వేశాడు. బావను వెయ్యలేదు. తరవాత ఇద్దరికీ కలిపి ఒక శిక్ష వేశాడు.

"దాని కడుపు మాడ్సినారు. దానమ్మకి మళ్ళీ సేపు వచ్చీదాకా మీకూ తిండి నేదు."

ఆరోజు మా అమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు వేయించింది. చోడి అంబలిలో ఉల్లిపాయ కోసి తెచ్చింది. నెత్తళ్ళ వాసన చేను చేనంతా తిరిగింది. మేం ఇద్దరం గట్టు మీద కూర్చుని ఆ మేక పొదుగును కళ్ళార్పకుండా చూశాం. అమ్మ అంబలి ముంత మా అయ్య ముందు పెట్టింది. ఆయన దాన్ని పక్కకి జరిపి, "ఆళ్ళతోటే" అన్నాడు. ఎండ దిగాక మేకకి పాలు చేపుకొచ్చాయి. మేకపిల్ల తోక ఆడించడం మొదలెట్టాక ముగ్గురం ఒకేసారి అంబలి తాగాం. ఆ శిక్ష మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ రోజుకీ ఎవరికైనా ముందు పెట్టకుండా నేను అన్నానికి చెయ్యి కడగను. దెబ్బల సంగతి వేరు అన్నది అందుకే.

ఇక గొర్రె సంగతి. మా వాళ్ళలో మగపిల్లాడికి ఊహ తెలిసేసరికి ఒక గొర్రెపిల్లను ఇస్తారు. చెవికి ఒక గాటు పెట్టి, ఇది నీది అంటారు. అది పెరిగితే వాడి అదృష్టం, పోతే వాడి అజాగ్రత్త. నా దానికి మూతి దగ్గర ఇటుకరాయి రంగు మచ్చ ఉండేది. నేను నిద్రపోతుంటే వచ్చి నా జుట్టు నమిలేది. పది గొర్రెల్లో నా అడుగుల చప్పుడు పట్టుకుని తలెత్తేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, పేరు అవసరం కూడా లేకపోయింది.

నాకు తప్పెట ఎప్పుడు వేస్తావు అని ఒకరోజు అడిగేశాను. పాట వచ్చింది, కాళ్ళు వచ్చాయి. మా అయ్య చుట్ట పీల్చి అన్నాడు.

"సొంతానిదయితేనే గుండెల మీద నిలబడతాది. నీ గొర్రెని సంతకి తోలు."

నేను ఏడవలేదు. తోలాను. అయ్య వెనకాల నడిచాడు, గొర్రెను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. తాడు నా చేతిలోనే. సంతలో కసాయివాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి దాని నడుం నొక్కి చూశారు. నేను మా అయ్య మొహంకేసి చూశాను. ఆయన వాళ్ళకి బేరం కుదరనివ్వలేదు. ఎండ నెత్తిమీదకి వచ్చేదాకా నిలబడి, ఎక్కడో కొండవైపు ఊరి కాపరి ఒకాయన పెంపకానికి అడిగితే అప్పుడు ఇచ్చాడు. అది వెళ్తూ వెనక్కి తిరిగి చూసిందని రాయను. చూడలేదు. ముందున్న గడ్డిమోపు వాసన పట్టుకుని పోయింది. నేనే చూశాను.

అక్కణ్ణుంచి నేరుగా రేకుల పనివాడి దగ్గరికి. ఆయన రేకును గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తుంటే నేను గొంతుక్కూర్చుని చూశాను. టంకం కరిగిన వాసన, కిరసనాయిలు వాసన. చివర్న దాన్ని నా గుండెల మీద ఆనించి, కొట్టు బాబూ అన్నాడు. కొట్టాను. నా పక్కటెముకలన్నీ మోగాయి. మా అయ్య ఒక కన్ను నవ్వింది. నేను చూశాను, అబద్ధం కాదు, ఆ కన్ను ఆ ఒక్కసారి నావైపే ఉంది.

మా అమ్మ ఎర్రగుడ్డ నిక్కరు కుట్టించి, అంచులకి తళుకుల పట్టీ తనే వేసింది. తొడుక్కుని నిలబడితే అటూ ఇటూ తిప్పి చూసి, "నిక్కరు కనపడతంది గాని గుంటడే కనపడ్డం నేదు" అంది. బావ పకపకా నవ్వాడు. వాడి నవ్వులో ఏ కల్మషమూ లేదు. ఉన్నట్టయితే నాకు ఇన్నేళ్ళూ సుఖంగా ఉండేది.

మా జట్టుకి ఒక కట్టుబాటు ఉండేది. కార్తీకంలో మా వైపు గైరమ్మ సంబరం చేస్తారు. మట్టితో గైరమ్మను చేసి, వీధిలో నిలబెట్టి, ఊరేగించి ఏట్లో కలుపుతారు. ఆ అమ్మ ముందు ఏడాదికి ఒక్కటంటే ఒక్క కొత్త తప్పెట ఎక్కుతుంది. గురువు దానికి పసుపు రాసి కొత్తవాడి మెడలో వేస్తాడు. ఆ క్షణం నుంచి వాడు గురువు ఇంటి మనిషి. వాడికి పెళ్ళి చెయ్యాలన్నా, వాడు మంచానపడినా జట్టే చూసుకోవాలి. వాణ్ణి కన్నవాళ్ళయినా సరే, గురువు ఒప్పుకోకుండా ఊరు దాటించడానికి లేదు. పెద్దలు ఈ మాట చెప్పేటప్పుడు మాకు ఒళ్ళు గగుర్పొడిచేది. నాకు మాత్రం అందులో ఒక్క ముక్కే చెవికెక్కింది. ఏడాదికి ఒక్క తప్పెట. ఈ ఏడు నాది.

సంబరం రోజు పొద్దున్నుంచీ ఊరంతా పాకం గారెల వాసన. మధ్యాహ్నం బావ మేనమామ వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో జంతికల పొట్లం. సంబరం చూడ్డానికొచ్చిన చుట్టమనుకున్నాను. మాకు చెరొక జంతిక పెట్టి, బావ బుగ్గ గిల్లాడు. తరవాత మా అయ్య పక్కన అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏదో చెప్పాడు. మా అయ్య వింటూనే ఉన్నాడు. చేతిలో చుట్ట ఆరిపోయినా వెలిగించుకోలేదు. నేను నిక్కరు తొడుక్కునే హడావిడిలో ఉన్నాను. మేనమామలు, చుట్టలు నాకెందుకు?

పొద్దు ఇంకా ఉండగానే జట్టు గైరమ్మ ముందు నిలబడింది. గజ్జెలు, సాంబ్రాణి, చెమట, బంతిపూలు. ఆడవాళ్ళు అరుగుల మీద, పిల్లలు గోడల మీద. నేను తప్పెట మెడలో వేసుకునే వచ్చాను. గురువు పసుపు రాయడమే తరువాయి. అందరూ నన్నే చూస్తున్నారు. మా అయ్య పసుపు గిన్నె పట్టుకుని నా ముందుకు వచ్చాడు. రేకుకి పసుపు రాశాడు. ఆ చల్లదనం గుండెకి తెలిసింది. తరవాత రెండు చేతులతో తాడు పట్టుకుని, నా తలమీదుగా తప్పెటను పైకెత్తాడు. సరిచేసి మళ్ళీ వేస్తాడనుకుని తల వంచే నిలబడ్డాను.

నా మెడ మీద ఏమీ పడలేదు. తలెత్తి చూసేసరికి ఆయన గోడవారన నిలబడ్డ బావ దగ్గరికి నడిచి, వాడి మెడలో వేసేశాడు.

గోడ మీద పిల్లాడొకడు నవ్వాడు. బావ మొహం తెల్లగా పాలిపోయింది. నేను మా అయ్యను, నాది కదా అయ్యా అన్నాను. గట్టిగా అనలేదు. ఆయన నావైపు తిరిగి, సంతలో బేరం కాదన్నంత మామూలుగా చెప్పాడు.

"ఇయ్యేటికి ఇలగ కానీ. నువ్వెల్లు, మేకలకి రొట్ట నేదు."

నేను వెళ్ళాను. కొత్త నిక్కరుతోనే తుమ్మచెట్టెక్కి కొమ్మలు నరికాను. ఊళ్ళోంచి తప్పెటల మోత మొదలైంది. అన్నీ కలిసి ఒకటే మోత. పాట నా నోటికి వచ్చు కదా, వద్దనుకున్నా లోపల నడుస్తూనే ఉంది. నాలుగో అడుగు దగ్గర ఒక్క చప్పుడు వెనకబడింది. మళ్ళీ చుట్టు తిరిగింది. మళ్ళీ వెనకబడింది. నా తప్పెట అది. నా గొర్రె అది. చెట్టు మీద కూర్చుని ప్రతిసారీ విన్నాను.

ఇంటికి వచ్చాక అమ్మనడిగాను. పొయ్యి ఊదుతూ, మీ అయ్యనడగరా, నాకేటి తెలుస్తాది అంది. పొగ వల్లనో ఏమో కళ్ళు తుడుచుకుంది. ఊరి పెద్దలు అరుగుల మీద తలొక మాట అన్నారు. గురువన్నాక సొంత కొడుకని చూడకూడదని ఒకాయన. కొడుకు ఆట నచ్చలేదేమోనని ఒకాయన. ఈ రెండో మాట నన్ను ఎక్కువ కాల్చింది. మా అయ్యను ఎప్పుడు అడిగినా మంద ఏ చేలో కట్టాలో చెప్పేవాడు, లేకపోతే గొర్రెలకి గాళ్ళరోగం వచ్చిందనేవాడు.

బావతో మాటలు మానేశాను. చాప వేరు చేసుకున్నాను. కంచం వేరు చేసుకున్నాను. వాడు ఒకటి రెండుసార్లు నా చాప అంచున వచ్చి కూర్చున్నాడు. నేను గోడవైపు తిరిగాను. ఇంకోసారి వాడు తన వంతు బెల్లం ముక్క నా దిండు కింద పెట్టాడు. చీమలు పట్టేదాకా అలాగే వదిలేశాను.

మరుసటి ఏడు సంబరానికి ముందు మా అయ్య కొత్త తప్పెట తెచ్చి గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఇది నీది అని కూడా అనలేదు. నేను దాన్ని ముట్టుకోలేదు. ఆయనా బలవంతం చెయ్యలేదు. ఆ ఏడు కొత్త తప్పెట లేకుండానే జట్టు ఆడింది. అది ఆ మేకుకే ఉండి తుప్పు పట్టింది. కొన్నాళ్ళకి మా అమ్మ దాన్ని దించి ఎండుమిరపకాయలు పోసుకుంది.

మీసాలు రాకముందే నేను ఊరు వదిలేశాను. విజయనగరం వైపు జూటు మిల్లులో చేరాను. గోగునార దుమ్ములో దగ్గుకుంటూ పనిచేశాను. నేను బడి గడప ఎక్కలేదు, గొర్రెల వెనక పెరిగినవాణ్ణి. మిల్లు గేటు పక్క టీకొట్టులో పొట్లాలు కట్టే పాత వారపత్రికలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో చెప్పనా? ముందు ఒక ముక్క ఎవరిచేతనైనా చదివించుకుని నోటికి పట్టేవాణ్ణి. తరవాత ఆ ముక్కలో ఏ అక్షరం ఎక్కడుందో వేలు పెట్టి వెతికేవాణ్ణి. ఆ తరవాతే రాయడం. ఒక అక్షరం కుదరకుండా రెండోది ముట్టుకోలేదు. తోటి పనివాళ్ళు ఆశ్చర్యపోయారు గాని, నాకు తెలుసు ఈ పద్ధతి ఎక్కడిదో. ముందు పాట, తరవాత కాళ్ళు, ఆ తరవాత చేతులు. తడి ఇసకలో ఆడించిన మనిషిది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు నేనే రాసుకుంటున్నానంటే అది ఆ చేతికర్ర పుణ్యం. దానికి నేను దండం పెడతాను. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఆ కరుకుదనం విలువ ఇంకా తెలిసింది. ఎంత తెలిస్తే ఆ ఒక్క రోజు అంత అన్యాయంగా కనిపించింది. తెలియని మూర్ఖుడు చేసి ఉంటే వదిలేద్దును. మేకపిల్ల ఆకలి కూడా లెక్కలోకి తీసుకునే మనిషి కన్నకొడుక్కి అలా ఎలా చేశాడు?

ఆయన మంచాన పడ్డప్పుడు వెళ్ళాను. పక్కన కూర్చుని చివరిసారి అడిగాను. అయ్యా, ఆ తప్పెట ఎందుకు తీశావు? ఆయన నన్ను చూసి, మిల్లులో నీకు తిండి సరిపోతందేటి అని అడిగాడు. ఆ వారంలోనే పోయాడు. శవం ముందు జట్టంతా ఆడింది. బావే ముందు ఆడాడు. నేను అటు చూడలేదు.

ఇప్పుడు మిల్లు లేదు. మందలూ లేవు, చేలకి బస్తాల ఎరువు వచ్చింది. ఏటి ఇసక లారీల్లో పోయింది. మిగిలింది నా కోపం ఒక్కటే అనుకుంటూ ఆరోజు ఆ బడి మైదానంలో కూర్చున్నాను.

ఆట అయ్యాక, పిల్లలకి నేర్పిన గురువుగారిని సత్కరిస్తామన్నారు. ఒక ముసలాయన మెల్లగా నడుచుకుంటూ స్టేజీ ఎక్కాడు. ఆ నడక చూడగానే నాకు తెలిసిపోయింది. శాలువా కప్పారు. మైకు ఇస్తే మాట్లాడలేక నమస్కారం పెట్టి దిగిపోయాడు. దిగుతూ నన్ను చూశాడు. నేను లేచి వెళ్ళిపోదామనుకునేలోపు నాకు ఇంకో పక్కనున్న ఖాళీ కుర్చీలోకి వచ్చేశాడు. ఎవరో మా ఇద్దరికీ కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు.

"నీ మనవరాలికి నాలుగో అడుగు నాలాగే తప్పతన్నాది, బావా" అన్నాడు.

నవ్వు రాబోయింది, ఆపుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత వాడితో మొదటి మాట అదే అడిగాను.

"మా అయ్య ఆ తప్పెట నీకేల ఏసినాడ్రా?"

వాడు కప్పు కింద పెట్టేశాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

"నీకు తెల్దేటి? నువ్వెరిగుండే మాటలు మానీసినావనుకున్నాను."

అప్పుడు చెప్పాడు. ఆ జంతికల మేనమామ సంబరం చూడ్డానికి రాలేదు. ఒరిస్సా వైపు ఇటుకల బట్టీకి పిల్లాణ్ణి పంపిస్తానని ఎవరికో మాట ఇచ్చేసి వచ్చాడు. చీకటి పడకముందే బండి ఎక్కించాలి. తల్లి తరఫు మనిషి, అడ్డు చెప్పడానికి మా అయ్యకి ఏ హక్కూ లేదు. ఆ పూట ఊళ్ళో ఒక్కటే కట్టుబాటు ఆ మేనమామ కంటే పెద్దది. అది నా మెడలో ఉంది. తప్పెట వాడి మెడలో పడ్డాక మా అయ్య మేనమామవైపు తిరిగి, తప్పెటల మోతలో ఇంకెవరికీ వినపడకుండా, ఇప్పుడు తోలుకెల్తావేటి అని అడిగాడట. ఆ మనిషి జంతికల పొట్లం కూడా అరుగు మీదే ఒగ్గేసి వెళ్ళిపోయాడట. అప్పటికి నేను తుమ్మచెట్టు మీద ఉన్నాను.

ఇది విని నా కోపం కరిగిపోయిందని రాస్తే పార్కు బెంచీవాళ్ళు సంతోషిస్తారు. కరగలేదు. ఇంకా ఎక్కువైంది. గొర్రెను ఇచ్చినవాణ్ణి తప్పెట ఇవ్వలేనా? నా చెవిలో ఒక్క ముక్క వేస్తే నా చేత్తో నేనే తీసి వాడి మెడలో వేద్దును కదా. ఆరోజు సమయం లేదు సరే, మర్నాడు చెప్పకూడదా? మంచంలో అడిగినప్పుడైనా చెప్పకూడదా? వాడి మీద కోపం పెట్టుకుని నేను పోగొట్టుకున్నదంతా ఎవరు ఇస్తారు? ఇదంతా వాడిమీదే గుమ్మరించాను. మా మనవరాలు గజ్జెలు విప్పుకుని వచ్చి, మా ఇద్దర్నీ చూసి దూరంగానే నిలబడిపోయింది.

వాడు అంతా విన్నాడు. వాడి అలవాటు ప్రకారం మెల్లగా, నేలవైపు చూస్తూ చెప్పాడు.

"ఆ మాట నేనూ అడిగినాను బావా. సంబరం అయిపోయి ఇంటికొస్తన్నప్పుడు, బావకి సెప్పీ మావా, నా మీదా నీ మీదా కోపం పెట్టీసుకుంటాడు అన్నాను. మావ నా మెడలో తప్పెట తాడు సరిసేస్తా అన్నాడు, 'పెట్టుకోనీ. సెప్తే ఇది నీకు సొంతం అవదు, బిచ్చం అవుతాది. ఆడు నా కొడుకు, నామీద కోపంతోటయినా బతికీగలడు. నువ్వు దేంతోటి బతుకుతావురా?'"